అమెరికా ఖైదీ వేసిన కేసును విచారణకు ముందే కొట్టేస్తే: సమస్య - పరిష్కారం

సమస్య: జైలు అధికారి మీద సెక్షన్ 1983 (ప్రభుత్వ అధికారులు రాజ్యాంగ హక్కులు కాలరాస్తే దావా వేయనిచ్చే ఫెడరల్ చట్టం) కింద ఖైదీ వేసిన పౌర హక్కుల కేసును, అసలు ఏం జరిగిందో తేల్చకుండానే ఫెడరల్ కోర్టు కొట్టేసింది. జైలు లోపలి ఫిర్యాదు దశలన్నీ పూర్తి చేయలేదని కారణం చూపింది.

కారణం: 1996లో వచ్చిన ప్రిజన్ లిటిగేషన్ రిఫార్మ్ యాక్ట్ ప్రకారం ముందు జైల్లోనే గ్రీవెన్స్ (రాతపూర్వక ఫిర్యాదు) వేసి, చివరి అప్పీలు దాకా వెళ్లాలి. ఒక్క దశ గడువు దాటినా పూర్తి చేయనట్టేనని 2006లో ఉడ్‌ఫర్డ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. గడువులేమో మరీ తక్కువ. మిషిగన్‌లో రెండు పనిదినాల్లో సిబ్బందితో మాట్లాడాలి, తేలకపోతే అయిదు పనిదినాల్లో ఫారం ఇవ్వాలి.

గడువు ఇంకా ఉంటే: వెంటనే గ్రీవెన్స్ వేసి, అన్ని దశలూ ముగించాకే కోర్టుకు మళ్లీ వెళ్లాలి. తొందరపడితే మరో 350 డాలర్ల ఫీజు మీద పడుతుంది. పేద ఖైదీకీ మాఫీ లేదు, నెలనెలా ఖాతాలోంచి కోస్తారు.

ఫారాన్ని అధికారే చించేస్తే: ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే. బెదిరించో మోసగించో అడ్డుకున్నప్పుడు ఆ దారి ఖైదీకి అందుబాటులో లేనట్టేనని 2016లో రాస్ కేసు చెప్పింది. అయితే అడ్డుకున్నారా లేదా అన్నది జడ్జే తేల్చేసేవారు. 2025 జూన్ 18న పెర్టూ వర్సెస్ రిచర్డ్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు దీన్ని 5-4తో మార్చింది. ఆ మిషిగన్ కేసులో లైంగిక వేధింపులతో పాటు, ఫారాలు నాశనం చేసి చంపుతామని బెదిరించారన్న ఆరోపణ కూడా ఉంది. అడ్డుకున్న సంగతీ అసలు కేసులోని సంగతీ ఒకటే అయినప్పుడు దాన్ని జ్యూరీయే తేల్చాలని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశారు.

ఈ తీర్పు దానంతటదే పనిచేయదు. అడ్డుకున్న సంగతి అసలు కేసులో భాగం కావాలంటే, ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించారన్న మొదటి సవరణ (వాక్ స్వేచ్ఛను కాపాడే రాజ్యాంగ సవరణ) ఆరోపణను పిటిషన్‌లోనే పెట్టాలి. జ్యూరీ కావాలని అందులోనే రాయాలి; ఆ అంశంపై చివరి ప్లీడింగ్ (పిటిషన్, దానికి జవాబు లాంటి పత్రం) అందాక 14 రోజులు దాటితే హక్కు పోతుంది. అధికారులు సమ్మరీ జడ్జిమెంట్ (విచారణ లేకుండానే తీర్పు) అడిగితే ప్రమాణ పత్రంతో జవాబివ్వాలి: ఏ తేదీన, ఎవరి చేతికి ఫారం ఇచ్చారు, వాళ్లేమన్నారు, ఎవరు చూశారు. "అబద్ధమైతే శిక్షకు లోబడతాను, ఇదంతా నిజం" అన్న వాక్యం, తేదీ, సంతకం ఉంటే చాలు, నోటరీ అక్కర్లేదు. "ఫారాలు ఇవ్వలేదు" అని ఊరికే రాస్తే నిలవదు.

అడ్డుకోవడానికీ అసలు ఆరోపణకూ సంబంధం లేకపోతే మాత్రం ఇప్పటికీ జడ్జే తేలుస్తారు. ఉదాహరణకు వైద్యం అందలేదన్న కేసులో మెయిల్ గదిలో ఫారం పోతే. అలాంటప్పుడు ప్రతి ఫారానికీ చేత్తో రాసుకున్న నకలు, ఇచ్చిన తేదీ దగ్గరుండాలి.