అమ్మకానికి వచ్చిన ‘దేవత’ను చూసి రావడం ఎలా

చూడటానికి వెళ్లే ముందు రోజు అమ్మే మనిషికి ఫోను చేసి ఒక్క మాట చెప్పండి: “నేను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకండి.” పాత ఫ్రెంచి కారు సిత్రోయెన్ డీఎస్ కొనాలని నన్ను సలహా అడిగిన వాళ్లకు మొదట చెప్పేది ఇదే. ముందే వేడెక్కించి, తుడిచి, ఎత్తి నిలబెట్టిన బండి దగ్గర తెలిసేది తక్కువ. రాత్రంతా కదలకుండా, పొట్ట నేలకు ఆనించి పడుకున్న బండి దగ్గరే అసలు సంగతులు బయటపడతాయి.

నేను తులూజ్‌లో ఉంటాను. పుట్టి పెరిగింది విజయవాడలో. ఆటోనగర్‌లో నాన్నగారికి లారీ బాడీల షెడ్డు ఉండేది. ఫ్రాన్స్ వచ్చాక ఈ రకం కార్లు ఎనిమిది చూశాను. ఒకదానికి బయానా ఇచ్చి పోగొట్టుకున్నాను, ఒకటి కొన్నాను. కింద రాసిన వాటిలో సగం ఆ పోయిన బయానా నేర్పినవే.

ఫ్రెంచిలో ‘డీఎస్’ అనే రెండక్షరాలను కలిపి పలికితే ‘దేవత’ అనే మాట వినిపిస్తుంది. 1955 అక్టోబర్ 5న పారిస్ మోటారు ప్రదర్శనలో దీన్ని చూపిస్తే మొదటి పావుగంటలోనే 743 ఆర్డర్లు వచ్చాయట. 1975లో ఆపేసేలోగా తయారైనవి 14 లక్షల పైచిలుకు. అందుకని “ఇది వదిలేస్తే మళ్లీ దొరకదు” అని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకోండి. 1962 ఆగస్టులో పారిస్ శివార్లలోని పెతి క్లమార్ దగ్గర దుండగులు కాల్పులు జరిపినప్పుడు, టైర్లు పోయినా ఈ కారే ఫ్రాన్స్ అధ్యక్షుడు దె గోల్‌ను క్షేమంగా తప్పించింది. అమ్మేవాళ్లు ఈ కథ తప్పకుండా చెబుతారు. కథ నిజమే. కానీ ఆ బండి మీకు అమ్ముతున్నది కాదు.

వెంట తీసుకెళ్లాల్సినవి: టార్చి, గుడ్డలో చుట్టిన అయస్కాంతం, స్క్రూడ్రైవర్, పరుచుకోవడానికి పాత దుప్పటి. అయస్కాంతం బానెట్‌కు అంటుకోకపోతే కంగారు పడకండి, అది అల్యూమినియం. పైకప్పుకూ అంటుకోదు, అది ఫైబర్. నేను మొదటిసారి ఈ రెండు చోట్లా అంటుకోలేదని ఒక పెద్దమనిషితో వాదన పెట్టుకుని, తలదించుకుని వచ్చాను. అంటుకోవాల్సిన చోటు వేరే ఉంది: తలుపుల కింద ముందు నుంచి వెనక దాకా నడిచే పెట్టె దూలాలు. డీఎస్‌లో బయట కనిపించే రేకులన్నీ బోల్టులతో బిగించిన తొడుగులు. బరువు మోసేది వాటి లోపలి చట్రం. తొడుగులు మార్చుకోవచ్చు, చట్రం కుళ్లితే మాత్రం అది కొనదగ్గ బండి కాదు.

నా బయానా పోయింది అక్కడే. నల్ల రంగు పల్లాస్ (డీఎస్‌లో హంగులెక్కువ ఉన్న రకం), లోపల తోలు సీట్లు, అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపు చూసే డబ్బు చేతిలో పెట్టాను. రెండోసారి వెళ్లినప్పుడు డ్రైవర్ కాళ్ల దగ్గర తివాచీ ఎత్తాను. దాని కింద మందపాటి స్పాంజి ఉంటుంది. నొక్కితే వేళ్ల మధ్య నుంచి గోధుమరంగు నీళ్లు కారాయి. స్పాంజి పక్కకు తీసి స్క్రూడ్రైవర్ పిడితో దూలం మీద కొడుతూ వెనక్కి వెళ్లాను. ఖంగు, ఖంగు, ఖంగు... తర్వాత గోడను తట్టినట్టు మొద్దు చప్పుడు. అయస్కాంతం పెడితే జారిపోయింది. జానెడు పొడవున పుట్టీ నింపి, పైన రంగు కొట్టేశారు. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో ఆ రోజు చేత్తో తడిమి తెలుసుకున్నాను. బయానా తిరిగి రాలేదు.

కాబట్టి తివాచీ ఎత్తనివ్వని మనిషి దగ్గర ఆగకండి. ఎత్తనిస్తే నాలుగు మూలలా చూడండి. తర్వాత డిక్కీ అడుగు. స్టెప్నీ కోసం అక్కడ వెతకకండి, అది ముందు బానెట్ కింద, రేడియేటర్ ముందర ఉంటుంది. ఆ పైన, వెనక మడ్‌గార్డు విప్పి చూపమని అడగండి. ఇది అత్యాశలా అనిపిస్తుంది కానీ కాదు. దాన్ని పట్టి ఉంచేది వెనక చివరన ఉండే ఒకే ఒక్క బోల్టు. అది తీస్తే మడ్‌గార్డు మొత్తం చేతిలోకి వస్తుంది. లోపల వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేతులు చట్రానికి కలిసే చోట టార్చి వేయండి. పొరలు పొరలుగా లేచిన తుప్పు కనిపిస్తే బేరం గురించి మాట్లాడకుండా మడ్‌గార్డు బిగించి ఇచ్చి వచ్చేయండి.

ఇనుము బాగుంటేనే బానెట్ ఎత్తండి. అందరూ భయపడే హైడ్రాలిక్స్ అక్కడుంది. పోల్ మజేస్ అనే ఆయన రూపొందించిన ఈ ఏర్పాటులో మామూలు స్ప్రింగులు ఉండవు. ఒక్కో చక్రానికి ఒక్కో ఇనుప గోళం. గోళంలో పైన నైట్రోజన్, కింద నూనె, మధ్యలో పొర. పంపు ఒత్తిడి పెంచితే కారు పైకి లేస్తుంది. ముందుగా నూనె రంగు చూడండి. 1966 సెప్టెంబర్ తర్వాతి బండ్లకు ఆకుపచ్చ నూనె, అంతకు ముందు వాటికి ఎర్రది. ఒకదానిలో ఇంకొకటి పోసినా, ఆకుపచ్చ దానిలో మామూలు బ్రేక్ ఆయిల్ పోసినా రబ్బరు సీళ్లన్నీ పాడవుతాయి. ఆకుపచ్చగా ఉండాల్సింది మట్టిరంగులో ఉంటే ఎప్పుడు మార్చారో, బిల్లు ఉందో అడగండి.

ఇప్పుడు స్టార్ట్ చేయమనండి. ఆరోగ్యంగా ఉన్న బండి పడుకున్న ఆవు లేచినట్టు లేస్తుంది, ముందు వెనక భాగం, తర్వాత ముందు భాగం. ఈ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. ఒత్తిడి చాలలేదని చెప్పే ఎర్రదీపం ఆరేదాకా బండిని కదలనివ్వకండి, ఎందుకంటే బ్రేకులూ అదే నూనె మీద పనిచేస్తాయి. లేచాక వెనక బంపరును రెండు చేతులతో కిందికి నొక్కండి. మెత్తగా దిగి మెత్తగా రావాలి. రాయిలా ఉంటే గోళంలో గ్యాస్ అయిపోయింది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా పంపు దగ్గర చెవి పెట్టండి. అప్పుడప్పుడూ ‘టిక్’ మంటుంది. రెండు టిక్కుల మధ్య అర నిమిషం పైన ఉంటే హాయి. నాలుగైదు సెకన్లకోసారి కొట్టుకుంటుంటే ఒత్తిడిని నిలవ ఉంచే పెద్ద గోళం పోయింది, లేదా ఎక్కడో కారుతోంది. ఇవన్నీ నయమయ్యే జబ్బులే. గోళాలు కొత్తవి దొరుకుతాయి, ఒత్తిడి పూర్తిగా వదిలేశాక మర తిప్పినట్టు విప్పి మార్చుకోవచ్చు. ధర తగ్గించమని అడగడానికి పనికొస్తాయి, అంతే.

ఒక హెచ్చరిక. ఎత్తు మార్చే లివర్‌తో బండిని పూర్తిగా లేపి “కిందకు దూరి చూడండి” అంటారు. దూరకండి. ఒక గొట్టం పగిలితే టన్నుకు పైగా బరువు మీ మీదికి దిగుతుంది. గట్టి స్టాండ్లు నాలుగు పెట్టాకే కిందకు వెళ్లాలి. స్టాండు మీద ఉండగా తలుపులు ఒక్కొక్కటీ తెరిచి మూయండి. నేల మీద చక్కగా పడిన తలుపు స్టాండు మీద పట్టేస్తే చట్రం వంగుతున్నట్టే.

నడిపి చూసేటప్పుడు మడమ నేలకు ఆనించండి. అసలు డీఎస్‌లో బ్రేకు పెడల్ ఉండదు, నేల మీద పుట్టగొడుగులాంటి రబ్బరు బొత్తాం ఉంటుంది. బొటనవేలి బరువు చాలు. మామూలు కారులో తొక్కినట్టు తొక్కితే నుదురు అద్దానికి కొట్టుకుంటుంది. క్లచ్ లేని రకమైతే స్టీరింగ్ వెనక ఉన్న గేరు లివర్‌ను ఎడమకు నెడితేనే సెల్ఫ్ తిరుగుతుంది. మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా డీ సూపర్, డీఎస్‌లోనే హంగులు తగ్గించిన రకం. మామూలు క్లచ్, మామూలు పెడల్, కానీ అదే మెత్తని నడక. హోదా తక్కువ, తలనొప్పీ తక్కువే.

నేను కొన్నది అదే, 1972 నాటిది. అల్బీ దగ్గర పల్లెలో ఒక పెద్దావిడ గడ్డి దాచే కొట్టంలో, భర్త పోయాక కదలకుండా ఉంది. రంగు వెలిసిపోయింది, ముందు సీటు చిరిగింది. దూలాలు మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖంగుమన్నాయి. తివాచీ కింద స్పాంజి పొడిగా ఉంది. కింద పరిచిన అట్ట మీద మూడు ఆకుపచ్చ చుక్కలు.

“అది కారుతుందండీ,” అంది ఆవిడ మొహమాటంగా.

“ఫరవాలేదమ్మా, ఏ నూనె పోశారో తెలిసింది,” అన్నాను.

కాగితాలు త్వరగా చూసుకోవచ్చు. మన ఆర్‌సీ లాంటి కార్త్ గ్రీజ్ అమ్మే మనిషి పేరునే ఉందా, దాని మీది నంబరూ చట్రం మీది నంబరూ ఒకటేనా, తనఖా ఏమీ లేదని చూపే పత్రం ఉందా, సాంకేతిక తనిఖీ ఎప్పుడు జరిగింది. చివరగా టైర్ల పక్కన చెక్కిన నాలుగంకెలు చదవండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నా బండి టైర్ల మీద చివరి రెండంకెలు 04. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి, పక్కలు మాత్రం నెర్రెలు విచ్చాయి. అందుకే దాన్ని నడుపుకుంటూ కాదు, అద్దెకు తెచ్చిన ట్రెయిలర్ మీద ఇంటికి తెచ్చాను.