అమెరికా అంతర్యుద్ధపు సైన్య పట్టికను చదవడం ఎలా?

1861 నుంచి 1865 వరకు ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధం మీద ఏ పెద్ద పుస్తకం తెరిచినా చివర్లో పొడవాటి పట్టికలు కనిపిస్తాయి. ఏ పోరాటంలో ఏ సైన్యం కింద ఏ దళాలు ఉన్నాయో, వాటిని ఎవరు నడిపారో చెప్పే ఈ పట్టికను ఆర్డర్ ఆఫ్ బ్యాటిల్ అంటారు. చాలామంది దాన్ని దాటేస్తారు. దాటేసినవాళ్లకు కథనంలో ‘విన్సెంట్ బ్రిగేడు’, ‘పికెట్ డివిజను’ అన్న మాటలు వచ్చిన ప్రతిసారీ ఎవరు ఎవరి కింద ఉన్నారో తెలియక తికమక తప్పదు. 1863 జూలై 1 నుంచి 3 వరకు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని గెటిస్‌బర్గ్ దగ్గర జరిగిన పోరాటపు పట్టికను ముందు పెట్టుకుని, దాన్ని ఎలా చదవాలో చూద్దాం.

పట్టిక పైనుంచి కిందికి అచ్చయి ఉంటుంది గాని, కొత్తవాళ్లు కిందినుంచి పైకి చదవడం మేలు. అట్టడుగున ఉండేది కంపెనీ. కాగితం మీద అది సుమారు వంద మంది, అధికారి కెప్టెన్. పది కంపెనీలు కలిస్తే ఒక పదాతి రెజిమెంటు. కంపెనీలకు ఎ నుంచి కె వరకు అక్షరాలు ఇచ్చారు. మధ్యలో జె ఉండదు, చేతిరాతలో ఐ, జె ఒకదానిలా మరొకటి కనిపిస్తాయన్నది దానికి చెప్పే కారణం. రెజిమెంటుకు అధిపతి కల్నల్, ఆయన కింద లెఫ్టినెంట్ కల్నల్, ఆ తర్వాత మేజర్. రెజిమెంట్లను చాలావరకు రాష్ట్రాలే సమీకరించాయి కాబట్టి వాటి పేర్లు ‘20వ మెయిన్’, ‘1వ మిన్నెసోటా’, ‘54వ మసాచుసెట్స్’ అన్నట్టుగా ఉంటాయి. సైనికుడి అభిమానమంతా ఈ రెజిమెంటు మీదే ఉండేది, ఎందుకంటే అందులో తన పక్కన నిలబడినవాళ్లు తరచుగా తన ఊరివాళ్లే.

అయితే రెజిమెంటు పేరు చూసి వెయ్యి మంది అని లెక్క కట్టకూడదు. అక్షౌహిణికి ఉన్నట్టు ఇక్కడ స్థిరమైన సంఖ్య లేదు. ఉత్తరాది రాష్ట్రాలు పాత రెజిమెంట్లలోని ఖాళీలను నింపడం కన్నా కొత్త రెజిమెంట్లను సమీకరించడానికే మొగ్గు చూపాయి. దానివల్ల కొత్త కల్నళ్లకు పదవులు దొరికాయి గాని, జబ్బులతో, గాయాలతో, మరణాలతో పాత రెజిమెంట్లు చిక్కిపోయాయి. 1862 ఆగస్టులో దాదాపు వెయ్యి మందితో బయలుదేరిన 20వ మెయిన్, ఏడాది తిరగకముందే గెటిస్‌బర్గ్‌కు చేరేసరికి నాలుగు వందలకు లోపే మిగిలింది. ‘ఒక రెజిమెంటు దాడి చేసింది’ అన్న వాక్యం కనిపించినప్పుడల్లా ఆ రోజు అందులో ఎంతమంది ఉన్నారో వెతకడం అలవాటు చేసుకోవాలి.

నాలుగైదు రెజిమెంట్లు కలిస్తే బ్రిగేడు, రెండు మూడు నుంచి ఐదు బ్రిగేడ్లు కలిస్తే డివిజను, రెండు మూడు డివిజన్లు కలిస్తే కోర్, కొన్ని కోర్‌లు కలిస్తే సైన్యం. (తెలుగులో దీన్ని ‘కార్ప్స్’ అని రాయడం ఉంది, స్పెల్లింగు అలా ఉన్నా పలికేది కోర్ అనే.) రెండు పక్షాల కోర్‌లను మాత్రం ఒకే తూకంలో వేయకూడదు. గెటిస్‌బర్గ్‌లో ఉత్తరాది పోటోమాక్ సైన్యంలో ఏడు పదాతి కోర్‌లు ఉంటే, రాబర్ట్ లీ నడిపిన దక్షిణాది సైన్యంలో లాంగ్‌స్ట్రీట్, యూవెల్, ఎ. పి. హిల్ నడిపిన మూడే ఉన్నాయి. అంతమాత్రాన బలం ఏడుకు మూడు కాదు. లీ దగ్గర ఒక్కో కోర్‌లో సుమారు 20 వేల మంది ఉండగా, ఎదుటివారి కోర్‌లు చాలావరకు అందులో సగం, అంతకు కొంచెం ఎక్కువ.

ఇప్పుడు ఒక్క రెజిమెంటును పట్టుకుని పైకి ఎక్కుదాం. జూలై 2న లిటిల్ రౌండ్ టాప్ అనే గుట్ట మీద ఉత్తరాది సైన్యపు ఎడమ కొసను కాచిన 20వ మెయిన్‌కు అధిపతి కల్నల్ జాషువా చాంబర్లిన్. దాని పైన ఉన్నది మూడవ బ్రిగేడు. అందులో 20వ మెయిన్‌తో పాటు 16వ మిచిగన్, 44వ న్యూయార్క్, 83వ పెన్సిల్వేనియా రెజిమెంట్లు ఉన్నాయి. బ్రిగేడుకు బ్రిగేడియర్ జనరల్ ఉండాలి. కాని ఇక్కడ పేరు కల్నల్ స్ట్రాంగ్ విన్సెంట్. ఆయన 83వ పెన్సిల్వేనియాకు చెందిన కల్నల్. బ్రిగేడు బాధ్యత మీద పడడంతో ఆయన సొంత రెజిమెంటును ఆ రోజు నడిపింది ఒక కెప్టెన్, ఓర్ఫియస్ వుడ్‌వర్డ్. అదే గుట్ట మీద విన్సెంట్‌కు ప్రాణాంతకమైన గాయం తగలగానే 44వ న్యూయార్క్ కల్నల్ జేమ్స్ రైస్ బ్రిగేడును చేతిలోకి తీసుకున్నాడు, ఆయన రెజిమెంటు లెఫ్టినెంట్ కల్నల్ కానర్ చేతికి వెళ్లింది. ఆ పైన బార్న్స్ నడిపిన మొదటి డివిజను, దాని పైన సైక్స్ నడిపిన ఐదవ కోర్, అన్నిటికీ పైన పోటోమాక్ సైన్యాధిపతి జార్జ్ మీడ్. ఒక్క గాయంతో మెట్ల వరుసలో ఇద్దరి స్థానాలు కదిలాయి.

దీన్నిబట్టి హోదా వేరు, పదవి వేరు అని పట్టిక చదివేవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఉత్తరాదిలో ఈ తేడా పైమెట్టు దాకా పోతుంది. మీడ్ సైన్యాధిపతి అయినా హోదాలో మేజర్ జనరలే. ఆయన కింద కోర్‌లు నడిపినవాళ్లదీ అదే హోదా, పైగా స్లోకమ్, సెడ్జ్‌విక్ ఆ హోదా మీడ్ కన్నా ముందే పొందినవాళ్లు. 1864 మార్చిలో గ్రాంట్‌ను లెఫ్టినెంట్ జనరల్ చేసేదాకా ఉత్తరాది పక్షాన సైన్యాలను నడిపేవారికి అంతకు మించిన హోదా లేదు. దక్షిణాదిలో మెట్లు తేటగా కనిపిస్తాయి: లీ పూర్తి జనరల్, ఆయన ముగ్గురు కోర్ అధిపతులూ లెఫ్టినెంట్ జనరళ్లు. ఇక ‘బ్రెవెట్’ అన్న మాట కనిపిస్తే అది చాలావరకు గౌరవ హోదా. చాంబర్లిన్‌ను కొన్ని రచనలు మేజర్ జనరల్ అంటాయి. అది తర్వాత వచ్చిన బ్రెవెట్, గెటిస్‌బర్గ్‌లో ఆయన కల్నలే.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఉత్తరాది బ్రిగేడ్లకు, డివిజన్లకు అంకెలు పెట్టారు. దక్షిణాది వాటిని అధిపతి పేరుతో పిలిచింది, అధిపతి లేనప్పుడు కూడా చాలాసార్లు ఆ పేరే నిలిచిపోయింది. గెటిస్‌బర్గ్ పట్టికలో ‘మెక్‌గోవన్ బ్రిగేడు’ అని ఉంటుంది. మెక్‌గోవన్ అంతకు రెండు నెలల ముందు చాన్సలర్స్‌విల్ పోరాటంలో గాయపడ్డాడు, ఇక్కడ బ్రిగేడును నడిపింది కల్నల్ ఆబ్నర్ పెరిన్. జూలై 3 నాటి ప్రసిద్ధ దాడిలో ‘హెత్ డివిజను’ ముందు నడిచినవాడు హెత్ కాదు, పెటిగ్రూ. కాబట్టి దక్షిణాది దళం పేరును ఇంటిపేరులా చూడాలి. అసలు మనిషి పేరు దాని పక్కనో కిందో ఉంటుంది.

ఆ పేరు పక్కన బ్రాకెట్లలో ఉండే చిన్న ఇంగ్లిషు అక్షరాలను వదిలేయవద్దు. ‘కె’ అంటే చనిపోయాడని, ‘డబ్ల్యూ’ అంటే గాయపడ్డాడని, ‘ఎండబ్ల్యూ’ అంటే ఆ గాయంతోనే తర్వాత చనిపోయాడని, ‘సి’ అంటే పట్టుబడ్డాడని. పికెట్ డివిజనులోని ముగ్గురు బ్రిగేడ్ అధిపతుల పేర్ల పక్కన ఈ అక్షరాలు చూస్తే జూలై 3 మధ్యాహ్నం ఆ దాడిలో ఏం జరిగిందో కథనం చదవకుండానే తెలుస్తుంది: గార్నెట్ చనిపోయాడు, ఆర్మిస్టెడ్ గాయంతో పోయాడు, కెంపర్ గాయపడి పట్టుబడ్డాడు.

ఇవన్నీ చూసే ముందు పట్టిక మీది తేదీ చూడాలి. ఈ మాట మొదటే చెప్పవలసింది, కాని ఉదాహరణలు చూశాక గాని దాని విలువ తెలియదు. మీడ్ సైన్యాధిపతి అయింది జూన్ 28న, పోరాటానికి మూడు రోజుల ముందు. లీ సైన్యంలో మే నెల దాకా ఉన్నవి రెండే కోర్‌లు. వాటిలో ఒకదాన్ని నడిపిన స్టోన్‌వాల్ జాక్సన్ మరణించాక వాటిని మూడుగా విడదీశారు. ఉత్తరాదిలో 1864 మార్చిలో మొదటి, మూడవ కోర్‌లను రద్దు చేసి మిగతావాటిలో కలిపేశారు, పదకొండు, పన్నెండు కోర్‌లు ఏప్రిల్‌లో కలిసి ఇరవయ్యవ కోర్ అయ్యాయి. 1863 పట్టికతో 1864 పోరాటాన్ని చదివితే లేని దళాలను వెతుక్కోవలసి వస్తుంది.

సైన్యాల పేర్లకు ఒక గుర్తు ఉంది. ఉత్తరాది చాలావరకు నదుల పేర్లు పెట్టింది: పోటోమాక్, కంబర్లాండ్, ఒహాయో. దక్షిణాది ప్రాంతాల పేర్లు పెట్టింది: ఉత్తర వర్జీనియా సైన్యం, టెన్నెసీ సైన్యం. ఇబ్బంది ఏమిటంటే టెన్నెసీ నది కూడా, రాష్ట్రం కూడా. నది పేరున్న ఉత్తరాది సైన్యానికి ఇంగ్లిషులో ‘ద’ అన్న చిన్న పదం తోడు ఉంటుంది, రాష్ట్రం పేరున్న దక్షిణాది సైన్యానికి ఉండదు. తెలుగులోకి వచ్చేసరికి ఆ పదం రాలిపోయి రెండూ టెన్నెసీ సైన్యమే అవుతాయి. 1864 జూలై 22న అట్లాంటా దగ్గర మెక్‌ఫర్సన్ నడిపిన ఉత్తరాది టెన్నెసీ సైన్యం మీద హుడ్ నడిపిన దక్షిణాది టెన్నెసీ సైన్యం దాడి చేసింది, మెక్‌ఫర్సన్ ఆ రోజే మరణించాడు. ఇలాంటి చోట ‘టెన్నెసీ నది సైన్యం’ అని రాసుకుంటే తప్ప కథ బోధపడదు.

ఫిరంగి దళాల సంగతి తేలిక: మూల ప్రమాణం బ్యాటరీ, అధికారి సాధారణంగా కెప్టెన్, ఉత్తరాదిలో ఎక్కువగా ఆరు ఫిరంగులు, దక్షిణాదిలో నాలుగు.

పాత ఫొటోలు చూసేవాళ్లకు పట్టిక మరో రకంగా పనికొస్తుంది. 1863 వసంతంలో, హుకర్ సైన్యాధిపతిగా ఉన్న కాలంలో, పోటోమాక్ సైన్యంలో ప్రతి కోర్‌కు టోపీ మీద పెట్టుకునే ఒక బిళ్ల వచ్చింది: మొదటిదానికి గుండ్రని చక్రం, రెండవదానికి మూడు రేకుల ఆకు, ఐదవదానికి మాల్టా శిలువ, పదకొండవదానికి నెలవంక. ఆకారం కోర్‌ను చెబితే రంగు డివిజనును చెబుతుంది: మొదటిదానికి ఎరుపు, రెండవదానికి తెలుపు, మూడవదానికి నీలం. నలుపు తెలుపు ఫొటోలో రంగు తెలియకపోవచ్చు గాని ఆకారం తెలుస్తుంది, రంగు తెలియాలంటే భద్రపరిచిన అసలు టోపీని చూడాలి. గెటిస్‌బర్గ్‌లో 20వ మెయిన్ సైనికుడి టోపీ మీద ఉన్నది ఎర్రటి మాల్టా శిలువ.