రైటర్ నేర్చుకుందాం – రెండో పాఠం: ముందు కిందికి చూడండి

మొదటి పాఠంలో లిబ్రెఆఫీస్ రైటర్ అనే రాత ప్రోగ్రామును తెరిచి, నాలుగు వాక్యాలు టైపు చేసి, ఫైలును భద్రపరచి మూసేశాం. ఈసారి ఆ తెర మీద ఏది ఎక్కడ ఉందో పరిచయం చేసుకుందాం. ఈ పాఠం చెప్పేవారు సాధారణంగా పైనుంచి మొదలుపెడతారు: ముందు టైటిల్ బార్, తర్వాత మెనూలు, ఆ తర్వాత బొమ్మల బొత్తాలు. అవన్నీ వినేసరికి చెప్పించుకునేవారి ఓపిక అయిపోతుంది. నేను కింది అంచు నుంచి మొదలుపెడతాను. పైన ఉన్నవన్నీ మనం రైటర్‌కు చెప్పే మాటలు. కింద ఉన్న సన్నటి పట్టీ మాత్రం రైటర్ మనకు చెప్పే మాట. ఏదైనా తేడా వచ్చినప్పుడు అందరూ పైన బొత్తాల వరుసలో వెతుకుతారు, జవాబేమో చాలాసార్లు కింద రాసి ఉంటుంది.

అయినా పైభాగాన్ని ఒక్క పేరాలో ముగించి కిందికి దిగుదాం. మెనూలు పదకొండు: ఫైల్, ఎడిట్, వ్యూ, ఇన్సర్ట్, ఫార్మాట్, స్టైల్స్, టేబుల్, ఫార్మ్, టూల్స్, విండో, హెల్ప్. వీటిని బట్టీ పట్టవద్దు. వాటి కింద రెండు టూల్‌బార్లు ఉంటాయి. పైది మొత్తం ఫైలుకు సంబంధించిన పనులకు, కిందిది అక్షరాల రూపానికి, పేరాల అమరికకు. ఏ బొత్తం ఏమిటో తెలియకపోతే మౌస్‌ను దాని మీద ఒక్క క్షణం ఆపండి, పేరు కనిపిస్తుంది. మీ తెర ఇలా లేకుండా, ట్యాబుల కింద బొత్తాలు గుంపులుగా కనిపిస్తుంటే కంగారు పడనక్కరలేదు. మైక్రోసాఫ్ట్ వర్డ్ 2007లో వచ్చిన రిబ్బన్‌కు అలవాటుపడినవారి కోసం రైటర్‌లో అలాంటి అమరిక కూడా ఉంది. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ తెరిచి స్టాండర్డ్ టూల్‌బార్ ఎంచుకుంటే మీకూ నాకూ ఒకే తెర కనిపిస్తుంది.

ఇప్పుడు కిందికి. ఈ పట్టీ పేరు స్టేటస్ బార్. కనిపించకపోతే వ్యూ మెనూలో దాని పేరు పక్కన టిక్ పెట్టండి. మొదటి పాఠంలో చేసిన ఫైలును తెరిచి పెట్టుకుని, ఎడమ నుంచి ఒక్కొక్క గడినే చూస్తూ రండి. రైటర్ కూర్పును (వెర్షన్‌ను) బట్టి వరుసలో ఒకటి రెండు గడులు అటూ ఇటూ ఉండవచ్చు.

మొదటి గడిలో మీరు ఎన్నో పేజీలో ఉన్నారో, మొత్తం పేజీలెన్నో ఉంటాయి. దాని పక్కన పదాల లెక్క, అక్షరాల లెక్క. ఒక పేరాను మౌస్‌తో ఎంచుకుంటే ఆ పేరా లెక్క మాత్రమే చూపుతుంది. అయితే అక్షరాల లెక్కను తెలుగువారు నమ్ముకోకూడదు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే సంకేతాల పద్ధతి యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం – మొత్తం ఆరు సంకేతాలు. కంప్యూటర్ ఎంచే అక్షరం వేరు, బడిలో మనం నేర్చుకున్న అక్షరం వేరు. ‘వెయ్యి అక్షరాలకు మించకుండా రాయండి’ అని ఎవరైనా అడిగితే, ఏ లెక్కన అడుగుతున్నారో తెలుసుకున్నాకే రాయడం మొదలుపెట్టండి.

తర్వాతి గడిలో డిఫాల్ట్ పేజ్ స్టైల్ అని ఉంటుంది. దాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే పేజీ కొలతల పెట్టె తెరుచుకుంటుంది. ప్రస్తుతానికి అందులో ఒక్కటే చూడండి: కాగితం ఏ4 అని ఉందా, లెటర్ అని ఉందా? ఏ4 కొలత 210 × 297 మిల్లీమీటర్లు, లెటర్ దాదాపు 216 × 279. తెర మీద ఈ తేడా తెలియదు. ప్రింటరులో ఉన్న కాగితం ఒకటి, ఇక్కడ ఎంచుకున్నది ఇంకొకటి అయితే మార్జిన్లు ఎందుకు తప్పాయో అర్థం కాక తల పట్టుకుంటారు.

ఆ పక్కది భాష గడి. తెలుగులో రాసేవారు ఎక్కువసేపు ఆగవలసింది ఇక్కడే. కర్సర్‌ను ఒక తెలుగు మాట మధ్యలో పెట్టి ఈ గడిని చదవండి. తెలుగు అని ఉంటే మంచిదే. హిందీ అని ఉంటే ఆశ్చర్యపోకండి, కొత్తగా ఎక్కించిన రైటర్‌లో చాలాసార్లు అలాగే ఉంటుంది. రైటర్ లిపులను వర్గాలుగా విడదీసి చూస్తుంది. ఇంగ్లీషు లాంటివి ఒక వర్గం. తెలుగు, హిందీ, తమిళం, అరబిక్ లాంటివి ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ అనే మరో వర్గం. ఈ రెండో వర్గంలో ఏ లిపి కనిపించినా, మనం వేరే చెప్పకపోతే, ముందే అనుకున్న ఒకే భాష పేరు తగిలిస్తుంది. మీరు రాసింది తెలుగని అక్షరాలను చూసి అది పోల్చుకోదు. భాష పేరు తప్పుగా పడితే ఆ తప్పు భాష నిఘంటువుతోనే స్పెల్లింగ్ తనిఖీ కూడా జరుగుతుంది. సరిగ్గా రాసిన మాటల కింద ఎర్రటి అలల గీతలు కనిపించినప్పుడు మీ తెలుగును అనుమానించే ముందు ఈ గడిని అనుమానించండి.

దీన్ని ఒక్కసారి సరిచేస్తే చాలు. టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, భాషల విభాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్నచోట తెలుగును ఎంచుకోండి. అప్పటికే రాసి ఉన్న ఫైలులో అయితే స్టేటస్ బార్‌లోని గడినే క్లిక్ చేసి, ఎంచుకున్న భాగానికో పేరాకో మొత్తం ఫైలుకో భాషను మార్చవచ్చు. ఫాంటు విషయంలోనూ ఇదే విభజన ఉంది. ఫార్మాట్ మెనూలో క్యారెక్టర్ తెరిచి చూడండి, ఇంగ్లీషు అక్షరాల ఫాంటు, సైజు ఒకచోట, తెలుగువి ఇంకోచోట కనిపిస్తాయి. ఒకే వాక్యంలో తెలుగు మాట పెద్దగా, ఇంగ్లీషు మాట చిన్నగా ఎందుకు వచ్చిందని ఎప్పుడైనా విసుక్కుని ఉంటే కారణం ఇదే.

ఇక నన్ను ఒకప్పుడు బాగా ఏడిపించిన గడి. మామూలుగా ఇది ఖాళీగా ఉంటుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. కీబోర్డు మీద ఇన్సర్ట్ అనే కీని ఒక్కసారి నొక్కి చూడండి. ఖాళీ గడిలో ఓవర్‌రైట్ అన్న మాట వస్తుంది, కర్సర్ సన్నటి గీతలా కాకుండా దిమ్మలా మారుతుంది. ఇప్పుడు వాక్యం మధ్యలో కొత్త మాట టైపు చేస్తే అది ముందున్న అక్షరాలను మింగుతూ పోతుంది. టైపు చేయడం నేర్చుకుంటున్న రోజుల్లో పొరపాటున ఈ కీ తగిలి, రాసిన పేరా తినేస్తున్న కంప్యూటర్‌కు ఏదో జబ్బు చేసిందని నిర్ధారించుకుని, దాన్ని ఆపివేసి మళ్లీ ఆన్ చేశాను. భద్రపరచని పేరాలు కూడా దానితోపాటే పోయాయి. చేయవలసిందల్లా ఇన్సర్ట్ కీని ఇంకోసారి నొక్కడమే. మింగిన అక్షరాలను కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఒకే కీ ఒకసారి ఒక పని, ఇంకోసారి ఇంకో పని చేసే ఈ పద్ధతిని ‘మోడ్’ అంటారు. 1970లలో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో టిమ్ మాట్‌తో కలిసి ‘జిప్సీ’ అనే తొలితరం రాత ప్రోగ్రామును తయారుచేసిన లారీ టెస్లర్‌కు మోడ్‌లంటే అసలు గిట్టేది కాదు. ‘నో మోడ్స్’ అన్న మాటను కారు నంబరు పలక మీద కూడా పెట్టుకున్నాడాయన. ఈనాటి కట్, కాపీ, పేస్ట్ పద్ధతి చాలావరకు ఆ జిప్సీ నుంచి వచ్చిందే. ఇన్సర్ట్ కీ మాత్రం ఆయన పోరుకు లొంగకుండా ఇంకా మన కీబోర్డుల మీదే ఉంది.

కొంచెం కుడికి జరిగితే చిన్న కాగితం బొమ్మ ఒకటి ఉంటుంది. మీరు చేసిన మార్పులు ఇంకా భద్రపరచలేదని చెప్పేది అదే. కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి, ఆ బొమ్మ మారడం మీ కళ్లతో చూడండి.

చిట్టచివర కుడివైపు జారుడు గీత, దాని పక్కన శాతం. ఇది జూమ్. ఇది తెరను దగ్గరకు తెస్తుంది, దూరం చేస్తుంది, అంతే. అక్షరాల సైజును ముట్టుకోదు. నేను ఒకసారి జూమ్ 160 శాతం దగ్గర ఉందని గమనించక, అక్షరాలు మరీ పెద్దగా ఉన్నాయనుకుని సైజును 8కి దించాను. కాగితం మీద చీమలబారు వచ్చింది. అక్షరాలు పెద్దవిగానో చిన్నవిగానో అనిపిస్తే సైజు ముట్టుకునే ముందు ఈ శాతం చూడండి. కంట్రోల్ కీ పట్టుకుని మౌస్ చక్రం తిప్పినా జూమ్ మారుతుంది, చాలామందికి తెలియకుండా మారేది అలాగే.

ఇవాళ్టి అభ్యాసం. కొత్త ఫైలు తెరిచి రెండు తెలుగు వాక్యాలు, ఒక ఇంగ్లీషు వాక్యం టైపు చేయండి. బాణం కీలతో కర్సర్‌ను ఆ మూడింటి మీదుగా నడిపిస్తూ భాష గడి ఎక్కడ మారుతుందో చూడండి. ఇన్సర్ట్ నొక్కి మధ్యలో ఒక మాట చేర్చండి, పోయినదాన్ని వెనక్కి తెచ్చి, మళ్లీ ఇన్సర్ట్ నొక్కి మామూలు స్థితికి రండి. జూమ్‌ను 60 దగ్గర, 200 దగ్గర పెట్టి రెండుసార్లూ టూల్‌బార్‌లోని అక్షరాల సైజు గడిని చదవండి. ఇదంతా చేసేటప్పుడు పైన ఉన్న బొత్తాల్లో ఒక్కదాన్నీ క్లిక్ చేయకూడదు. చివరగా వాక్యాల మధ్య ఎంటర్ కీని మీకు తోచినన్నిసార్లు నొక్కి, ‘అభ్యాసం 2’ అన్న పేరుతో భద్రపరచండి. ఆ ఎంటర్‌లు కాగితం మీద కనబడని గుర్తులు వదిలి వెళతాయి. మూడో పాఠంలో వాటిని బయటపెడతాం కాబట్టి ఫైలును తుడిచేయకండి.