నెల్లూరు అత్తగారింట్లో నెల రోజులు: అమెరికా నుంచి పిల్లలతో వెళ్లే కోడలు ఎలా సర్దుకోవాలి?

మా పుట్టిల్లు ఒంగోలు, అత్తగారిల్లు నెల్లూరు, మేముండేది డాలస్. పిల్లలకు బడి సెలవులు ఎండాకాలంలోనే కాబట్టి మా ప్రయాణం ఎప్పుడూ జూన్‌లోనే పడుతుంది, అంటే రోహిణి కార్తె వేడి ఇంకా గోడల్లోంచి దిగని రోజుల్లో. మొదటిసారి వెళ్లినప్పుడు చుట్టంలా సోఫాలో కూర్చున్నాను. రెండోసారి అంతా నేనే చేసేస్తానని వంటింట్లో దూరి, అత్తయ్య పోపుల డబ్బా చోటు కూడా మార్చేశాను. రెండూ బెడిసికొట్టాయి. ఆ ఇంటికి ఒక టైం ఉంది, మనం డాలస్ టైం పట్టుకుని దానితో కుస్తీ పడితే నెలంతా నీరసమే అని మూడోసారికి గాని నాకు తెలిసిరాలేదు.

1. బయల్దేరడానికి నెల ముందు

పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులైతే ముందు తేదీలు చూడండి. 16 ఏళ్ల లోపు పిల్లల పాస్‌పోర్టు 5 ఏళ్లకే అయిపోతుంది. ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చే కార్డు) ఉంటే వీసా గొడవ లేదు, కానీ 20 ఏళ్లు వచ్చేదాకా పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ కొత్తదాని కాపీ, ఫొటో ఓసీఐ వెబ్‌సైట్లో ఎక్కించాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. టైఫాయిడ్ ఇంజెక్షన్ వేయించాలంటే ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే వేయించండి, విమానం ఎక్కే ముందురోజు వేయించి లాభం లేదు. ఎన్ఆర్ఐ బ్యాంకు ఖాతా ఉంటే యూపీఐ కూడా అమెరికాలో ఉండగానే సరిచేసుకుని వెళ్లండి. నెల్లూరులో కొబ్బరిబోండాల బండి మీద కూడా స్కానర్ ఉంటుంది, మనం మాత్రం 500 నోటు పట్టుకుని చిల్లర కోసం నిలబడతాం.

2. పెట్టెల్లో ఏం పెట్టాలి

తోడికోడలికీ ఆడబిడ్డకీ తెచ్చేవి ఒకే రకంవి తేవాలి, అంతకు మించి నేను చెప్పను. చాక్లెట్లు చేతిసంచిలో పెట్టుకోండి, చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి నెల్లూరు దాదాపు 175 కిలోమీటర్లు, కారు డిక్కీలో పెడితే సూళ్లూరుపేట దాటేలోపు పాయసమైపోతాయి. అత్తయ్య నిజంగా సంతోషపడింది మాత్రం బాదంపప్పుకీ, జిప్ కవర్లకీ.

అమెరికా కరెంటు సామాన్లు తీసుకెళ్లకండి. అమెరికాలో 120 వోల్టులు, ఇండియాలో 230. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100-240 అని రాసి ఉంటుంది, వాటికి పిన్ను మార్చే అడాప్టర్ చాలు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్‌కి చాలదు. నాది ఆడబిడ్డ కొడుకు పంచెకట్టు ఫంక్షన్ పొద్దున, ఇంటి నిండా జనం ఉండగా, పొగలు కక్కి చచ్చింది. ఆ వాసన పోయేదాకా ఒక్కొక్కరే వచ్చి ఏందీ కమురు వాసన అని అడిగారు.

3. మొదటి మూడు రోజులు నిద్ర సంగతి

ఎండాకాలంలో డాలస్‌కీ మనకీ పదిన్నర గంటల తేడా. తెల్లవారుజామున నాలుగింటికి పిల్లలు కళ్లు టపటపలాడిస్తూ లేచి కూర్చుంటారు, వాళ్ల ఒంటికి అది ముందురోజు సాయంత్రం ఐదున్నర. నేను మొదట్లో ఏసీ గదిలో చీకట్లో వాళ్లను జోకొడుతూ తంటాలు పడేదాన్ని. అనవసరం. ఇంకో గంటకు అత్తయ్య లేచి వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గేస్తారు, పాలు వస్తాయి, మామయ్య మోటరు వేసి మొక్కల దగ్గరికి పోతారు. నెల్లూరు ఎండల్లో ఇంటి పనంతా జరిగేది అప్పుడే, తొమ్మిది దాటితే వాకిట్లో కాలు పెట్టలేం. అందుకని పిల్లల్ని లేపి వాళ్ల వెంట వదిలేయండి. మా పెద్దది చుక్కల ముగ్గు నేర్చుకుంది ఆ పొద్దుల్లోనే. బయట తిరిగే పనులు కూడా అప్పుడే పెట్టుకోండి. పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడికి గాని, మైపాడు సముద్రానికి గాని సూర్యుడు రాకముందే బయల్దేరితే ఎండ ముదిరేలోపు ఇంట్లో ఉంటారు (మైపాడులో కాళ్లు తడుపుకోవడం వరకే, లోపలికి దిగనివ్వకండి).

మధ్యాహ్నం ఒంటిగంటకు పిల్లలు కంచం ముందే ఒరిగిపోతారు, డాలస్‌లో అప్పుడు రాత్రి రెండున్నర మరి. ఇంట్లో పెద్దవాళ్లు నడుం వాల్చేదీ అప్పుడే కాబట్టి పడుకోనివ్వండి, కానీ గంటన్నరకు లేపేయాలి, ఏడ్చినా సరే. జాలిపడి మా చిన్నోణ్ణి ఒకసారి ఐదింటిదాకా వదిలేశాను, ఆ రాత్రి రెండింటికి హాల్లో బంతాట.

మీ ఆయన నెల్లూరు నుంచే ఆఫీసు పని చేసేటట్టయితే మొదటిరోజే ఇంట్లో చెప్పించండి. డాలస్‌లో పొద్దున తొమ్మిదిన్నర అంటే నెల్లూరులో రాత్రి ఎనిమిది, సరిగ్గా చుట్టాలు వచ్చి కూర్చునే వేళ. చెప్పకపోతే కొడుకు గదిలో తలుపేసుకున్నాడన్న మాట మీ మీదికి వస్తుంది, ఆయన మీదికి రాదు.

4. నీళ్లు, కరెంటు, ఏసీ గది

తాగడానికి 20 లీటర్ల క్యాను నీళ్లు ఉంటాయి, పిల్లలు పళ్లు తోముకోవడానికి కూడా అవే ఇవ్వండి. ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి ఒళ్లు కాలేటంత వేడెక్కుతాయి, స్నానాలు పొద్దున్నే అయిపోవాలి, లేదా ఒక బకెట్ పొద్దున పట్టి పెట్టుకోవాలి. విరేచనాలు పట్టుకుంటే మందుల షాపులో ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ తెచ్చి దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి, తియ్యటి జ్యూసు డబ్బాలు ఆ పని చేయవు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లు నడుస్తాయి, ఏసీ నడవదు.

ఆ ఏసీ సంగతి కొంచెం సున్నితం. చాలా ఇళ్లలో ఒకటే ఏసీ, అది అత్తామామల గదిలో. మనం వస్తున్నామని ఆ గది మనకిచ్చేసి వాళ్లు హాల్లో ఫ్యాన్ కింద పడుకుంటారు, పైగా మాకు అలవాటేనమ్మా అంటారు. ఒప్పుకోకండి. కింద పరుపులేసి పిల్లల్ని జేజి (నాన్నమ్మ) మంచం పక్కన పడుకోబెట్టి, ఆరుగురం ఒకే గదిలో సర్దుకున్నాం. మామయ్య గురక గురించి పిల్లలు డాలస్ పోయాక కూడా చెప్పుకున్నారు.

5. వంటింట్లో ఒక్క పని పట్టుకోండి

ఏదో ఒక పని అడిగి తీసుకుని, నెలంతా అదే చేయండి. అన్నింట్లో చెయ్యి పెడితే అత్తయ్యకు తన ఇల్లు తనది కాకుండా పోయినట్టుంటుంది, అసలు పెట్టకపోతే ఏమనుకుంటారో మీకు తెలుసు. నేను రాత్రి టిఫిన్ తీసుకున్నాను. ఆవిడకు ఆ వేళ మోకాళ్లు నొప్పులు, మా పిల్లలకు కారం తక్కువ కావాలి, రెండూ దాంతో తీరిపోయాయి. డబ్బాలు ఉన్నచోటే ఉండనివ్వండి. ఏ గిన్నె నీచుకు, ఏది పాలకు వాడతారో అడిగి తెలుసుకోండి.

కారం మాట వస్తుంది. మా అత్తయ్య మొదటి పూటే, "ఏందమ్మా, ఉప్పూ కారం లేకుండా పిల్లకాయల్ని ఎట్ట పెంచుతుండారు?" అన్నారు. వాదించకండి. ఎర్రకారం పూసిన దోశ పెద్దవాళ్లకు, ఉత్త దోశ నెయ్యితో పిల్లలకు, మొదటి వారం అట్లా నడపండి. చేపల పులుసు మాత్రం తప్పించుకోలేరు, తప్పించుకోకూడదు కూడా. నెల్లూరోళ్లు పులుపు మామిడికాయ వేసి సాయంత్రం కాచి, ముక్కకు పులుసు పట్టాక మర్నాడు తింటారు. కొరమేను అయితే ముళ్లు తక్కువ, పిల్లల కోసం అదే తెమ్మని మామయ్యకు ముందురోజే చెప్పండి. ముక్కను పులుసులోంచి తీసి, ముల్లు చూసి, పప్పన్నం పక్కన పెట్టండి. మా చిన్నోడు మూడోవారానికి పులుసు కూడా అడిగాడు, అత్తయ్య ఆ మాట వీధంతా చెప్పుకొచ్చారు.

6. చుట్టాలు

ఫోన్ చేయకుండా వస్తారు. ఎప్పుడొచ్చారు అన్న వెంటనే ఎప్పుడు పోతారు అని అడుగుతారు, అది పొమ్మనడం కాదు, మనల్ని భోజనానికి ఏ రోజు పిలవాలా అన్న లెక్క. ఒకే సాయంత్రం నాలుగిళ్లకు పోవాల్సొస్తే ప్రతి ఇంట్లో సగం గ్లాసే కాఫీ అడగండి, వద్దంటే నొచ్చుకుంటారు. పిల్లలకు పెదనాయన ఎవరో చిన్నాయన ఎవరో ఫోన్లో ఫొటోలు చూపించి ముందే నేర్పండి, అందర్నీ అంకుల్ అన్నారంటే ఆ తప్పూ మీదే. మొహర్రం మీ సెలవుల్లో పడితే స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగకు వెళ్లండి. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు చెరువులో నిలబడి పుచ్చుకుంటారు, అన్ని మతాలవాళ్లూ ఉంటారు. జనం విపరీతం, పిల్లల చెయ్యి వదలొద్దు.

7. పుట్టింటికి ఎన్ని రోజులు

టికెట్లు కొన్నరోజే తేల్చుకోండి, అక్కడికి పోయాక కాదు. నెల్లూరు నుంచి ఒంగోలు 120 కిలోమీటర్ల పైచిలుకు, పినాకిని రైలు ఎక్కితే కావలి మీదుగా రెండు గంటల లోపు మాట. దగ్గరే కదా పోయి వస్తుండు అంటారు, అట్లా రెండేసి రోజులు పోయి వస్తే రెండిళ్లలోనూ పెట్టె విప్పకుండానే నెల అయిపోతుంది. ఒకేసారి పది రోజులు అడగండి.

8. తిరుగు ప్రయాణం

ఒక పెట్టె ఖాళీగా ఉంచుకోవాలని అందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటి: అమెరికాలో దిగాక తినే వస్తువులు ఏమున్నాయో అన్నీ కస్టమ్స్ వాళ్లకు చెప్పాలి, చెబితే ఆవకాయకూ కారప్పొడికీ ఇబ్బంది లేదు, మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి మాత్రం తీసి పారేస్తారు. ఈ ముక్క అత్తయ్యకు మొదటి వారంలోనే చెప్పండి. నేను ఆఖరిరోజు చెప్పాను, అప్పటికి రెండు కిలోల మటన్ పచ్చడి సీసాల్లోకి ఎక్కేసింది, ఆవిడ ఏమీ అనకుండా ఆ సీసాలు పట్టుకుపోయి తోడికోడలి ఫ్రిజ్‌లో పెట్టారు.