పత్రిక పేజీని చదవడం – 4వ పాఠం: ఈ ఎరుపు ఎవరిది?

ఈ వారం ఫోటో కత్తిరింపు గురించి చెబుదామనుకున్నాను. పోయిన పాఠానికి వచ్చిన జవాబులు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు. బ్రిటన్ సంగీత పత్రిక ‘క్యూ’లోంచి ఒక స్ప్రెడ్, అంటే ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలు, తీసుకుని విశ్లేషించమన్నాను. హెడ్డింగ్, కాలమ్‌లు, పుల్ కోట్ (వ్యాసంలోంచి తీసి పెద్దక్షరాల్లో వేసిన వాక్యం), డ్రాప్ క్యాప్ (మొదట్లో పెద్దగా వేసిన మొదటి అక్షరం) అందరూ సరిగ్గానే గుర్తుపట్టారు. వాటి జోలికి మళ్ళీ వెళ్ళను. కానీ దాదాపు అందరూ ఒక వాక్యం రాశారు: “ఎరుపు ఆవేశానికి గుర్తు, కాబట్టి ఈ గాయని ఆవేశపరురాలు అని డిజైనర్ చెబుతున్నాడు.”

ఇది తప్పు. రంగులు చూడమని చెప్పి, ఎలా చూడాలో చెప్పకుండా వదిలేశాను కాబట్టి ఇందులో నా పొరపాటూ ఉంది.

1986లో మొదలై 2020లో ఆగిపోయిన ‘క్యూ’ గుర్తు ఎర్రటి చదరం మీద తెల్ల అక్షరం. ఆ ఎరుపు పత్రిక సొంత రంగు. ఈ నెల లోపలి పేజీల్లో మెత్తగా పాడే గాయని ఉండవచ్చు, వచ్చే నెల గోలగోలగా వాయించే రాక్ బృందం ఉండవచ్చు. ఎరుపు మాత్రం అదే.

మన పెళ్ళి శుభలేఖ తీసుకోండి. నాలుగు మూలలా పసుపు పూస్తాం. ఆ పసుపు చూసి పెళ్ళికూతురు నెమ్మదస్తురాలో గడుసుదో చెప్పగలమా? చేతిలో ఉన్నది శుభలేఖ అని తెలుస్తుంది, అంతే. అదే ఒక కార్డు పసుపు లేకుండా వచ్చిందనుకోండి, ఇంట్లో పెద్దవాళ్ళు వెంటనే “ఇదేంటి?” అంటారు. విశ్లేషణ మొదలవ్వాల్సింది ఆ “ఇదేంటి” దగ్గరే.

అందుకని నేను ఎప్పుడూ చేసే పని ఒకటి చెబుతాను. మీరు ఎంచుకున్న స్ప్రెడ్‌లో వేలు పెట్టి ఉంచండి. ముందు రెండు స్ప్రెడ్‌లు, వెనక రెండు స్ప్రెడ్‌లు తిరగేయండి. అక్కడా ఇక్కడా ఒకేలా ఉన్నదంతా పత్రికది. ఇక్కడ మాత్రమే ఉన్నది ఈ వ్యాసానిది. ఈ లెక్క తేలేదాకా పెన్ను ముట్టుకోకండి.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ అమెరికా సంగీత పత్రిక ‘రోలింగ్ స్టోన్’. 1987 నుంచి 2001 వరకు ఫ్రెడ్ వుడ్‌వర్డ్ దానికి ఆర్ట్ డైరెక్టర్. పేజీ చుట్టూ ఒక లావు గీత, దాని పక్కనే ఒక సన్న గీత ఉండే పాతకాలపు అంచును ఆయన మళ్ళీ తెచ్చాడు. పేజీలు తిప్పుతుంటే ఆ అంచు పట్టుచీర అంచులా వస్తూనే ఉంటుంది. లోపల హెడ్డింగ్ అక్షరాలు మాత్రం కథ కథకీ మారిపోతాయి. ఒకచోట పేజీ నిండా లావుపాటి అక్షరాలు, ఇంకోచోట పూతరేకులంత పలచనివి. అంచు పత్రికది, అక్షరాలు ఆ కథలోని కళాకారుడివి. అంచు కదలకుండా ఉండబట్టే అక్షరాలు అంత స్వేచ్ఛగా తిరగగలిగాయని నా అభిప్రాయం.

పంక్తుల మధ్య ఖాళీకీ ఇదే పరీక్ష. ఇంగ్లీషు పేజీలో పంక్తులు బాగా ఎడంగా ఉంటే అది డిజైనర్ కోరి చేసిందే. తెలుగు పేజీలో అలా అనుకోవద్దు. కింద వత్తులకు, పైన గుడులకు చోటు కావాలి కాబట్టి ఎడం తప్పనిసరి.

ఈ పద్ధతి పారని చోటు కూడా ఒకటి ఉంది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన ‘రే గన్’ అనే సంగీత పత్రికలో డిజైనర్ డేవిడ్ కార్సన్ పేజీ పేజీకీ రూపం మార్చేసేవాడు. 1994లో గాయకుడు బ్రయాన్ ఫెర్రీ ఇంటర్వ్యూ ఆయనకు విసుగ్గా అనిపించింది. దాన్ని మొత్తం జాఫ్ డింగ్‌బ్యాట్స్ అనే ఫాంట్‌లో పెట్టేశాడు. అందులో అక్షరాలుండవు, నక్షత్రాలు, కత్తెరలు, బాణాల్లాంటి బొమ్మలుంటాయి. చదవగలిగే పాఠం అదే సంచికలో వెనక వేశారు. ఆ స్ప్రెడ్ చూసి “ఫెర్రీ అర్థంకాని మనిషి” అని రాస్తే మళ్ళీ బోల్తా పడ్డట్టే. అక్కడ కనిపిస్తున్నది పత్రిక రంగూ కాదు, గాయకుడి స్వభావమూ కాదు. ఆ వ్యాసం మీద డిజైనర్ అభిప్రాయం.

అభ్యాసం: ఒకే సంచికలోంచి ఐదు వరుస స్ప్రెడ్‌లు తీసుకోండి. సంగీత పత్రిక దొరక్కపోతే సినిమా వారపత్రికైనా పర్వాలేదు. ఒక్కొక్కదాని మీద ట్రేసింగ్ పేపర్ వేసి ఫోటోలు, హెడ్డింగులు, కాలమ్‌ల అంచులు పెన్సిల్‌తో గీయండి. ఐదు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించండి. గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డచోట్లన్నీ పత్రికవి. తర్వాత మూడో స్ప్రెడ్ గురించి మాత్రమే పన్నెండు వాక్యాలు రాయండి. “అందంగా”, “ఆకర్షణీయంగా” అన్న మాటలు వాడొద్దు. రంగు అర్థం చెప్పే వాక్యం ఉంటే, అది ఆ స్ప్రెడ్‌లో మాత్రమే ఉన్న రంగని పక్కన రుజువు రాయండి. రెండు మూడు గంటలు పడుతుంది.

ఆ ట్రేసింగ్ కాగితాలు పారేయకండి. ఫోటో కత్తిరింపు పాఠానికి అవే కావాలి.