మన ఊరి బొమ్మలు, ఫోటోలతో ఒక సాయంత్రం ప్రదర్శన పెట్టడం ఎలా?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ బొమ్మలు వేసేవాళ్లకు కొదవ లేదు. వాటిని నలుగురూ చూసే చోటుకే కొదవ. డ్రాయింగ్ మాస్టారి కాన్వాసులు బీరువా వెనక ఉంటాయి. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ తన సరదా కోసం తీసుకున్న కొంగల ఫోటోలు హార్డ్‌డిస్కులోనే ఉండిపోతాయి. వాటిని బయటికి తేవడానికి గ్యాలరీ కట్టాల్సిన పనిలేదు. ఒక హాలు, ఒక సాయంత్రం, పూనుకునే పదిమంది ఉంటే చాలు. ఒక్కటి మాత్రం ముందే తేల్చుకోండి: ఇది సన్మానసభ కాదు. వేదిక, శాలువాలు, జ్ఞాపికలు వద్దనుకున్నారంటే సగం ఖర్చు, ముప్పాతిక తలనొప్పి అక్కడే తీరిపోతాయి.

1. ఎవరెవరు ఉన్నారో వెతకండి

ముందు ఫోటో ఫ్రేములు కట్టే షాపుకి వెళ్లండి. ఊళ్లో ఎవరు బొమ్మలు వేస్తారో, ఎవరు వేసి దాచుకుంటారో ఆ షాపాయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తర్వాత కలర్ ల్యాబు. పెళ్లి ఆల్బమ్ కాకుండా విడిగా పెద్ద ప్రింట్లు వేయించుకునేవాళ్ల పేర్లు అడిగితే చెబుతారు. ఫ్లెక్సీలు రాకముందు షాపు బోర్డులు, గోడల మీద ప్రకటనలు రాసిన ఆర్టిస్టులను మరిచిపోవద్దు. వాళ్లు తమను తాము కళాకారులమని చెప్పుకోరు, పిలిస్తేగానీ రారు. సంక్రాంతికి రథం ముగ్గు తేలిగ్గా వేసే ఆవిడ మీ వీధిలో ఉంటే, హాలు గుమ్మం ముందు నేల ఆమెకు అప్పగించండి.

పిల్లల డ్రాయింగ్ పోటీ మాత్రం దీంట్లో కలపకండి. అది వేరే రోజు పెట్టుకోవచ్చు. కలిపితే వచ్చిన తల్లిదండ్రులంతా బహుమతులు ఎప్పుడిస్తారని అడుగుతూ కూర్చుంటారు, గోడ వైపు చూడరు.

2. తేదీ, హాలు

మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. ఆ తేమకు కాగితం వంకరపోతుంది, జనం కూడా రారు. మే నెల ఎండల సంగతి చెప్పక్కర్లేదు. నన్నడిగితే కనుమ వెళ్లాక, పుష్యమాసం అయిపోకముందు పెట్టుకోమంటాను. పుష్యంలో పెళ్లిళ్లుండవు కాబట్టి కల్యాణమండపాలు ఖాళీగా ఉంటాయి, బేరమాడితే అద్దె తగ్గుతుంది. స్టూడియో ఫోటోగ్రాఫర్లకు తీరిక దొరికేదీ అప్పుడే. పండక్కి వచ్చినవాళ్లు కొందరు ఇంకా ఊళ్లోనే ఉంటారు. ఫోటోలకే పెద్దపీట వేయాలనుకుంటే ఆగస్టు 19 ఉంది. ఫ్రాన్సులో డాగేర్ అనే ఆయన కనిపెట్టిన ఫోటో తీసే పద్ధతిని 1839లో లోకానికి వెల్లడించిన రోజు కాబట్టి దాన్ని ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవంగా జరుపుతారు. నెల్లూరువాళ్లు రొట్టెల పండగ రోజులు చూసుకుని తప్పించండి. ఆ రోజుల్లో బారాషహీద్ దర్గా వైపు ఆటో కదలదు.

హాలు చూడబోయేటప్పుడు టేపు తీసుకెళ్లండి. బొమ్మకి రెండడుగులు, పక్కన ఖాళీ ఒక అడుగు వేసుకుంటే 40 బొమ్మలకు 120 అడుగుల గోడ కావాలి. 40×30 అడుగుల హాలుకి చుట్టూ 140 అడుగులున్నా, తలుపులు, కిటికీలు, స్విచ్‌బోర్డులు పోను అంత మిగలదు. మధ్యలో అడ్డుతెరలు తప్పవు.

3. బొమ్మలు, ఫోటోలు తీసుకోవడం

మనిషికి మూడే అని గీత గీయండి. పదిహేను తెస్తామనేవాళ్లు ఉంటారు. ఆ మూడూ ఏవో వాళ్లనే ఎంచుకోనివ్వండి, మీరు జడ్జీలు కావద్దు.

ఫోటోలు మామూలుగా వాట్సాప్‌లో పంపితే సైజు నలిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా పెన్‌డ్రైవ్ తెమ్మనండి. 12×18 అంగుళాల ప్రింటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో రావాలంటే 3600×5400 పిక్సెళ్లు కావాలి. 2400×3600 ఉన్నా రెండడుగుల దూరం నుంచి చూడడానికి ఏమీ తేడా తెలియదు. అంటే మంచి వెలుగులో ఫోన్‌తో తీసిందైనా పనికొస్తుంది. అందరి ప్రింట్లూ ఒకే ల్యాబులో, ఒకే మ్యాట్ పేపరు మీద వేయించండి. గ్లాసీ పేపరు ట్యూబులైటు కింద అద్దంలా మెరుస్తుంది.

ఆయిల్ పెయింటింగులు తాకితే అంటనంత ఆరినవే తీసుకోండి. ఆక్రిలిక్ గంటల్లో ఆరుతుంది, ఆయిల్‌కి రోజులు పడుతుంది, మందంగా వేస్తే వారాలు. తీసుకున్న ప్రతిదానికీ చీటీ రాసివ్వండి: పేరు, కొలత, ఎక్కడైనా గీత, చిల్లు ఉంటే అదీ. అదే నంబరు బొమ్మ వెనక మాస్కింగ్ టేపు మీద.

4. వేలాడదీయడం

ఎక్కువ మంది చెడగొట్టేది ఇక్కడే. షామియానా వాళ్ల పరదా గుడ్డకి బొమ్మ తగిలిస్తే గుడ్డ సాగి బొమ్మ ముందుకి వాలుతుంది. హాలు గోడకి మేకు కొట్టనివ్వరు. మన దగ్గర సులువుగా దొరికేవి సరుగుడు కర్రలు. రెండు నిలువు కర్రల మధ్య వెల్డ్‌మెష్ (ఇనుప తీగల జాలీ) షీటు బిగించి కట్టండి. కర్రల అడుగున అడ్డకర్ర వేసి దానిమీద ఇసుక బస్తా పెడితే పిల్లలు గుద్దుకున్నా పడదు. మెష్ మీద తెల్లగుడ్డ గానీ గోనెపట్టా గానీ పరిచి, దాన్ని పొడుచుకుని ఎస్ ఆకారపు కొక్కేలు తగిలించవచ్చు. ఫ్రేము లేని ప్రింట్లను అయిదు మిల్లీమీటర్ల ఫోమ్‌బోర్డుకి అతికించి, పైన రెండు బైండర్ క్లిప్పులతో వేలాడదీస్తే సరిపోతుంది.

ఎత్తు విషయంలో ఒకటే కొలత పెట్టుకోండి: బొమ్మ నడిమి భాగం నేలకి 57 అంగుళాలు, అంటే నాలుగడుగుల తొమ్మిది. పై అంచులు ఒక వరసలో లేకపోయినా ఫరవాలేదు, నడుములు ఒక వరసలో ఉండాలి. మన ఇళ్లలో దేవుడి పటాల్లా పైకెత్తి కట్టే అలవాటుంది, దాన్ని హాలు బయటే వదిలేయండి. ప్రతి ఫ్రేముకీ రెండు కొక్కేలు వేయండి, ఒక్కదాని మీద వేస్తే ఫ్యానుగాలికి పక్కకి తిరుగుతుంది.

లైట్లకు డబ్బు తగలేయకండి. పెళ్లిళ్లకు వెళ్లే ఫోటోగ్రాఫర్ల దగ్గర ఎల్‌ఈడీ లైట్లు, స్టాండ్లు ఉంటాయి, అడిగితే తెస్తారు. లైటుని బొమ్మకి ఎదురుగా కాకుండా పైనుంచి ఏటవాలుగా వేయండి. బొమ్మ ముందు నిలబడి చూసుకోండి. మీ ముఖమే అద్దంలో కనబడితే లైటు జరపాలి.

ఏది ఏ పక్కన అనేది కాస్త ఆలోచించాల్సిన పని. పెన్నా ఒడ్డున రంగనాథస్వామి గాలిగోపురం సూర్యాస్తమయం వేళ తీసిన ఫోటో మీ దగ్గరకు నాలుగైనా వస్తుంది. ఉదయగిరి కోటా అంతే. ఒంగోలు వైపైతే గిత్తలు, కొత్తపట్నం పడవలు. వాటిని హాలంతా చెదరగొట్టకండి, ఒకేచోట పెట్టండి. గోపురం ఫోటో పక్కనే గోపురం పెయింటింగ్ పెడితే ఒకరు ఏం వదిలేశారు, ఇంకొకరు ఏం కలిపారు అన్నది చూసేవాళ్లే చెప్పుకుంటారు. ప్రదర్శనలో నాకు అన్నిటికంటే నచ్చే మూల అదే.

5. బొమ్మల పక్కన పెట్టే చీటీలు

పేరు, చోటు, సంవత్సరం, దేంతో వేశారు లేదా దేంతో తీశారు. నాలుగు లైన్లు దాటొద్దు. ‘గ్రామీణ సౌందర్యం’, ‘ప్రకృతి ఒడిలో’ లాంటి పేర్లు పెడితే ఎవరికీ ఏమీ తెలియదు. ‘మైపాడు, తెల్లవారుజామున వలలు విప్పుతూ’ అని రాస్తే మైపాడు నుంచి వచ్చినవాడు ఆగి, ఆ మనిషెవరో వెతుకుతాడు.

ఫోటో చూసి వేసిన పెయింటింగైతే అది ఎవరి ఫోటోనో చీటీలో ఉండాలి, వాళ్ల అనుమతీ ఉండాలి. ఫోటోగ్రాఫర్లూ చిత్రకారులూ ఒకే హాల్లో ఉన్నప్పుడు గొడవ పుట్టేది దీంతోనే.

6. ఆ సాయంత్రం

నాలుగింటికి తలుపులు తెరిచి ఎనిమిదింటికి మూయండి. మైకు వద్దు. ప్రతి ఒక్కరూ తమ బొమ్మ పక్కనే ఉండాలి. పావుగంటకొకసారి గంట కొట్టి, ఒకరి దగ్గరకి అందరినీ పిలవండి, ఆయన అయిదు నిమిషాలు మాట్లాడతాడు. మాట్లాడడం రానివాళ్లకు మూడు ప్రశ్నలు ముందే ఇవ్వండి: ఇది ఎక్కడిది? ఎందుకు ఆగి చూశారు? ఏది అనుకున్నట్టు రాలేదు? మూడోదానికి జనం దగ్గరికి జరుగుతారు.

“ఏంది నాయనా, నీళ్లు ఇట్టా ఎర్రగా వేశావే?”

“2021 నవంబరులో పెన్నా వరద చూసి వేశాను పెద్దాయనా. అప్పుడు అట్టానే ఉన్నాయి గదా నీళ్లు.”

ఇంతటితో పెద్దాయన తన వరద కథ మొదలుపెడతాడు. ఆపకండి, తర్వాతి గంట అయిదు నిమిషాలు ఆలస్యంగా కొట్టండి.

ఎమ్మెల్యేగారినో కలెక్టరుగారినో పిలవాలని కమిటీలో ఎవరో ఒకరు పట్టుబడతారు. పిలవండి, కానీ అందరిలాగే వచ్చి చూసి వెళ్లేట్టు. వారి కోసం ప్రారంభం ఆపితే ఆరున్నర అవుతుంది. టీ, మిర్చిబజ్జీ గేటు బయట పెట్టండి. నూనె చేతులతో ప్రింటు ముట్టుకుంటే ఆ మరక పోదు.

7. ధరలు, హక్కులు

ధర చీటీ మీద వేయకుండా బల్ల దగ్గర ఒక జాబితాలో ఉంచండి. అక్కడ ఒక కుర్రాడిని కూర్చోబెడితే “ఎంతకిస్తావబ్బాయ్?” అనే బేరం బొమ్మ ముందు జరగదు. డబ్బు నేరుగా వేసినవాళ్ల యూపీఐకే వెళ్లాలి. అద్దె కోసం మనిషికి కొంత ముందే వసూలు చేసుకోండి, అమ్మకంలో వాటా అడగొద్దు.

బొమ్మ అమ్మినా దాన్ని క్యాలెండరు మీద అచ్చువేసే హక్కు కొన్నవాళ్లకు పోదు, విడిగా రాసిస్తే తప్ప. పెళ్లి ఫోటోల సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. కాబట్టి పెళ్లికూతురి ఫోటో ఎంత బాగా వచ్చినా ఆ ఇంటివాళ్లను అడగకుండా గోడకెక్కించొద్దు.

8. దించడం

ఆ రాత్రే దించి, తీసుకునేటప్పుడు రాసిచ్చిన చీటీ చూసి, సంతకం పెట్టించుకుని ఎవరివి వాళ్లకు అప్పజెప్పండి. అమ్ముడుపోయినవి కూడా ఎనిమిది దాకా గోడ మీదే ఉండాలి. ఆటోలో పంపేటప్పుడు పెయింటింగుల్ని పడుకోబెట్టకండి, నిలబెట్టండి. ముఖాలు ఎదురెదురుగా పెట్టి మధ్యలో అట్టముక్క వేయండి. ఆయిల్‌వి అయితే ఆ అట్ట రంగుకి తగలకుండా నాలుగు మూలలా థర్మోకోల్ ముక్కలు పెట్టి, పైన పాత దుప్పటి చుట్టండి.