మీ చెరువు హద్దు తేల్చుకోండి, టిప్పర్ రాకముందే

హైదరాబాద్‌లో చెరువు కబ్జా మట్టితోనే మొదలవుతుంది. రాత్రిపూట అంచున శిథిలాలు పోస్తారు, చదును చేస్తారు, చుట్టూ రేకులు పాతుతారు, ఆపైన గది లేస్తుంది. అందులో కుటుంబాలు దిగాక ఖాళీ చేయించడం ఎవరికైనా కష్టమే. కాబట్టి కాలనీ సంఘం ముందే హద్దు కాగితాలు చేతిలో పెట్టుకోవాలి.

హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని మీ చెరువు హద్దు నోటిఫికేషన్, మ్యాపు దించుకోండి. అది ప్రాథమికమా, తుదిదా అన్నది ముఖ్యం. ప్రాథమిక దశలోనే ఆగిపోతే అభ్యంతరాలు తేల్చి తుది నోటిఫికేషన్ ఇవ్వాలని హెచ్ఎండీఏకూ కలెక్టర్‌కూ రాయండి.

ఆ హద్దునే ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) అంటారు. అంటే నీరు అలుగు (మిగులు నీరు బయటికి పొర్లే రాతికట్టు) అంచు దాకా నిండినప్పుడు తడిసే చివరి గీత. అందుకే అలుగు దగ్గరికి వెళ్లి చూడాలి. పైవరస రాళ్లు ఊడదీసినా, పక్కన గండి కొట్టినా నీరు ఆ ఎత్తుకు చేరదు. చెరువు ఎప్పుడూ అంతే ఉన్నట్టు కనిపిస్తుంది. సర్వేయర్ ఆ రోజు నిలిచిన నీటిని బట్టి గీత గీస్తే ఎకరాలకు ఎకరాలు బయటికి పోతాయి. పాత రాతికట్టు ఎత్తు నుంచే లెవెల్ తీయాలని రాతపూర్వకంగా కోరండి. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు చూసేటప్పుడు అక్టోబరును అక్టోబరుతోనే పోల్చండి. వేసవి చిత్రం తెస్తే అవతలివాళ్లు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ బయట 30 మీటర్ల బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన పట్టీ, ఉంటుంది. చిన్నవాటికి 9 మీటర్లు. శిఖం (చెరువు లోపలి భూమి) పట్టా చూపించేవారూ ఉంటారు. నీరు తీసినప్పుడు సాగు చేసుకోవడానికే తప్ప ఇల్లు కట్టుకోవడానికి ఆ పట్టా పనికిరాదు.

సమాచార హక్కు దరఖాస్తులో ‘చర్య ఎందుకు తీసుకోలేదు’ అని అడగకండి, జవాబు దాటేస్తారు. నోటిఫికేషన్ ప్రతి, సర్వే స్కెచ్, సర్వే నంబర్ల జాబితా అడగండి. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

పైచెరువు అలుగు నుంచి వచ్చే కాలువ వెంట కూడా వానలకు ముందొకసారి నడవండి. ఒకటి నిండితే కిందిదానికి నీరు పారే మన గొలుసుకట్టు చెరువుల్లో ఆ దారి మూసుకుపోతే నీళ్లు ఇళ్లలోకే వస్తాయి.

మట్టి పడిన రోజే తేదీ, లొకేషన్ కనిపించే ఫొటో తీయండి. సర్వే నంబరు, దగ్గరి కరెంటు స్తంభం నంబరు రాసి చెరువుల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రాకు, అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణిలో ఫిర్యాదు ఇవ్వండి. రసీదు చేతికొచ్చాకే అక్కడి నుంచి కదలండి.